దేవదానం సారు రాసిన మంచి ఉత్తరం

దేవదానం సారు ఆ ఉత్తరాన్ని అంత బాగా రాయకపోయి ఉంటే మా సుందరరాజుకు హైదరాబాదు బడిలో చోటు దొరికి ఉండేది. ఆయన మీద నెపం పెట్టాలని ఈ మాట అనడం లేదు. ఆయన ఇప్పుడు లేడు. మంచి మనిషి. మా పేటకు బడి చెప్పేదీ ఆయనే, ఆదివారం వాక్యం చెప్పేదీ ఆయనే. కలం ఆయనది, మాటలు నావి. పక్కన కూర్చుని రాయించింది నేనే.

సుందరరాజు నా కొడుకు బాలస్వామికి ఒక్కగానొక్క కొడుకు. డెబ్బై రెండులో, చినుకు పడని ఏడాది పుట్టాడు. మా ఊరు ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో ఉంటుంది. కాళ్లు చాపుకుని పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంటే వాడు నా మొహం వైపు చూసేవాడు కాదు, చెంబులోంచి పడే ధారనే చూసేవాడు. నీళ్లంటే అంత ఇష్టమా అని మురిసిపోయాను. పదకొండో నెలకే నడిచాడు. మాట మాత్రం రాలేదు. మూడేళ్లు దాటాక కోడలు కమలమ్మ బెంగపడితే నేనే నోరు మూయించాను. వాళ్ల తాత నాలుగేళ్లకు మాట్లాడాడని మా అత్త ఒకసారి అనింది. ఆమె నిజమే అనిందో, నన్ను ఊరుకోబెట్టడానికి అనిందో తెలియదు. ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగేళ్లు గడిపాను.

బాలస్వామి ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కే షెడ్లలో రాళ్లు దించే పనికి పోయేవాడు. సాయంత్రం వచ్చేటప్పుడు కొడుకు కోసం జేబునిండా రాతిపెచ్చులు తెచ్చేవాడు. సుందరం వాటిని గడప నుంచి పొయ్యి దాకా వరసగా పేర్చేవాడు. పెద్దవి ముందు, చిన్నవి వెనక. మేమంతా ఆ వరస దాటుకుంటూ తిరగాలి. ఒక్క పెచ్చు జరిగితే చాలు, తల గోడకేసి కొట్టుకునేవాడు. పట్టుకోబోతే కరిచేవాడు. తిండి చూస్తే జొన్నరొట్టె అంచు, అదీ ఉత్తది. కూర తగిలితే విసిరికొట్టేవాడు.

కమలమ్మ కూలికి పోతేనే ఇల్లు గడిచేది. అందుకని కాపలా నాకు పడింది. వాడు పరిగెత్తుతాడు, నేను వెనకాల పడతాను. ఆరేళ్లు వచ్చేసరికి వాడి కాళ్లు సాగాయి, నా మోకాళ్లు వాచాయి. ఒకరోజు పొయ్యి ఊదుతుంటే కాలవ దాకా పోయాడు. గొర్రెలు కాసే ఓబులేసు చంక కింద ఇరికించుకుని తెచ్చాడు. "ఇంగ నాలుగడుగులు పోయింటే నీ మనవడు నీళ్లలో ఉండేవాడు లూదియమ్మా" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. ఇంకో రెండేళ్లకు నా కాళ్లు పూర్తిగా పడిపోతే వీణ్ని ఎవరు పట్టుకోవాలి? నాకున్న దిగులంతా అదే.

బడిలో వేస్తే పగలంతా ఒకరి కళ్ల ముందు ఉంటాడని దేవదానం సారు దగ్గర కూర్చోబెట్టాం. ఒక పూట ఉన్నాడు. ప్రార్థన గంట మోగగానే చెవులు మూసుకుని అరిచి, ఎత్తుకోబోయిన సారు ముంజేతిని పళ్లు దిగేదాకా కరిచాడు. సారే భుజాన వేసుకుని తెచ్చి ఇంటి ముందు దింపాడు.

"నలభై మందుండారు లూదియమ్మా, నేనొక్కణ్ని. ఈణ్ని చూస్తాంటే వాండ్లనెవరు చూడాల?" అన్నాడు. కోపంగా అనలేదు. చేతికి గుడ్డ కట్టుకుని తిరిగి బడికి పోయాడు.

డెబ్బై తొమ్మిదిలో నంద్యాల ఆసుపత్రికి వేలూరులో చదివిన డాక్టరమ్మ వచ్చిందని విని, నేనూ కమలమ్మా వాణ్ని తీసుకుని ఆళ్లగడ్డలో బస్సెక్కాం. బస్సులో వాడు అరిచిన అరుపులకు శిరివెళ్ల దగ్గర ఒకాయన లేచి, "మీరన్నా దిగండి, మమ్మల్నన్నా దించండి" అన్నాడు. కమలమ్మ తల దించుకుని కూర్చుంది.

డాక్టరమ్మ తొందరపడలేదు. పేరు పెట్టి పిలిచింది. పలకలేదు. వెనకనుంచి చప్పట్లు కొట్టింది. తిరగలేదు. కాగితంలో చుట్టిన బిస్కెట్టు చప్పుడు చేస్తే మాత్రం తల తిప్పాడు. గ్లాసు మూత ఇస్తే నేల మీద తిప్పుతూ అరగంట కూర్చున్నాడు. ఆమె వాడి పక్కనే నేల మీద కూర్చుని చూసింది. అంత చదివిన మనిషి నేల మీద కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"చెవులు బాగున్నాయి, నాలుక బాగుంది. దీన్ని ఆటిజం అంటారు" అనింది. నేను మూడుసార్లు పలికించుకున్నాను, బస్సు దిగేలోపల మర్చిపోయాను.

"మందు ఇయ్యి తల్లీ, ఎంత చేదైనా తాపిస్తా" అన్నాను.

"మందు లేదు అవ్వా. నేర్పాలి. హైదరాబాదులో ఇలాంటి పిల్లల్ని ఉంచుకుని నేర్పే బడి ఒకటుంది. చేత్తో తినడం, బట్టలు వేసుకోవడం, కావలసింది చూపించి అడగడం, రోడ్డు మీద ఆగడం, ఒక్కొక్కటే నేర్పుతారు. పదేళ్లు నిండితే చేర్చుకోరు. వీడికి ఏడు నడుస్తోంది. పిల్లవాడి సంగతులన్నీ వివరంగా రాసి పంపండి." అడ్రసు రాసిచ్చింది.

రోడ్డు మీద ఆగడం కూడా నేర్పుతారంటే నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు ఆగితే నేను ఇంకో పదేళ్లు బతకగలను అనుకున్నాను.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా పేటల్లో పిల్లలు చదువుకోవాలంటే నంద్యాలలో మిషను బోర్డింగే దారి. అందులో చేరాలంటే ఊరి పంతులు సిఫారసు ఉత్తరం రాయాలి. పిల్లవాడు బుద్ధిమంతుడు, దైవభక్తి గలవాడు, పెద్దలమాట వినువాడు, ఇలా ఉంటుంది. దేవదానం సారు ఉత్తరం రాస్తే తిరుగుండదని పేరు. ముక్కు చీదడం రాని పిల్లలు కూడా ఆ ఉత్తరంలో దొరబిడ్డల్లా ఉండేవారు. ఆయన రాసిన ఉత్తరాలతో మా పేట నుంచి పదకొండు మంది బోర్డింగుకు పోయారు. ఒకామె నర్సయింది. కాబట్టి బడిలో చోటుకు ఉత్తరం అంటే మాకు తెలిసింది అదొక్కటే. ఎంత మంచి రాస్తే అంత గట్టిగా చోటు దొరుకుతుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక సారు మా ఇంటి ముందు మంచం మీద కూర్చున్నాడు. ఒడిలో పలక, పలక మీద కాగితం. పక్కింటి చెన్నమ్మ కూడా వచ్చి గోడకానుకుంది.

"ఏం రాయాల లూదియమ్మా?"

"నువ్వు రాయని ఉత్తరమా సారూ. బాగ రాయి."

ఆయన ఒక్కో వాక్యం రాసి గట్టిగా చదివాడు. "ఈ బాలుడు శాంత స్వభావుడు. అనవసరముగా మాట్లాడడు."

చెన్నమ్మ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. "అవసరంగా మాట్లాడింది మాత్రం ఎవురిన్నారు సారూ?"

"నువ్వుండవే. రాయి సారూ. రాళ్లు పేర్చేది రాయి."

"వస్తువులను క్రమముగా అమర్చుటయందు మిక్కిలి శ్రద్ధ గలవాడు. గంటల తరబడి ఒక్కచోట కూర్చొను ఓర్పు కలదు. ఆహార విషయమున ఎట్టి కోరికలును లేవు."

"పాటలు పాడతాడని రాయి."

"పాడడు గదమ్మా."

"రాగం తీస్తాడు గదప్పా. నేను జోలపాట ఎత్తుకుంటే ఎనకాల 'ఊ' అని తీస్తాడు, తప్పు పోడు."

"సంగీతమునందు ఆసక్తి కలదు" అని రాశాడు సారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడేళ్లలో నా మనవడి గురించి ఒక్కరు ఒక్క మంచి మాట అనడం నేను వినలేదు. ఇప్పుడు కాగితం నిండా ఉన్నాయి. మళ్లీ చదవమన్నాను. సారు మళ్లీ చదివాడు.

కమలమ్మ రొట్టెలు కొడుతూ ఉంది. చెయ్యి ఆపి అడిగింది. "ఆ పిల్లోడెవరు సార్? నేనూ చూడాల వాణ్ని."

సారు బిక్కమొహం వేశాడు.

"కరుస్తాడని రాయండి సార్. పరిగెత్తుతాడని రాయండి. బట్టల్లోనే చేస్తాడని రాయండి."

"ఏందీ?" అని లేచాను నేను. "కన్నబిడ్డ మీద చెడు రాపిచ్చే తల్లి యాడన్నా ఉంటాదా? అట్ల రాస్తే గేటు కూడా తీయరు వాండ్లు. సారుకు తెలీంది నీకు తెలుసునా? పదకొండు మందిని చేర్పిచ్చినాడాయన."

"పదకొండు మంది మాట్లాడతారు అత్తా."

"పోయి రొట్టె చూసుకో, మాడతాండాది."

ఆమె మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. ఉత్తరం ఎర్రటి పెట్టెలో పడింది. జూన్ నెల.

అక్టోబరులో జవాబు వచ్చింది, ఇంగ్లీషులో టైపు కొట్టింది. సారు బడి అరుగు మీదే విప్పి చదివి మాకు చెప్పాడు. మీరు రాసినదాన్ని బట్టి పిల్లవాడు నెమ్మదస్తుడు, శ్రద్ధ గలవాడు అని తెలుస్తోంది, ఇలాంటి పిల్లవాడు మామూలు బడిలోనే చక్కగా చదువుకోగలడు, మా బడి అంతకంటే కష్టంలో ఉన్న పిల్లల కోసం, దగ్గరి బడిలో వెంటనే చేర్పించండి.

దగ్గరి బడి అంటే ఆ అరుగే. సారు తన ముంజేతి వైపు చూసుకున్నాడు. పళ్ల మచ్చలు ఇంకా ఉన్నాయి.

"మరి చేర్చుకో సార్" అనింది కమలమ్మ. ఎగతాళికి అనిందో నిజంగా అనిందో తెలియలేదు. బడిలో పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు.

రెండో ఉత్తరం క్రిస్మసు పోయాక గానీ రాయలేదు. పత్తి చేతికొచ్చే రోజులు, ఎవరికీ ఊపిరి సలపలేదు. ఈసారి కమలమ్మ సారు ఎదురుగా కూర్చుంది. నన్ను దూరంగా ఉండమనింది. నేను సుందరం దగ్గర కూర్చున్నాను. వాడు పెచ్చులు పేరుస్తున్నాడు.

"పిలిస్తే పలకడు. రాసినావా సార్? ఒక్క మాటా రాదు."

"రాసినా."

"కరుస్తాడు. నన్ను, అత్తను, ఎవరినైనా."

"కొన్నిసార్లు కరుచును అని..."

"కొన్నిసార్లు గాదు సార్. దినామూ."

ఆయన కొట్టేసి మళ్లీ రాశాడు. అన్ని ఉత్తరాలు రాసిన చెయ్యి ఆ రోజు పలక మీద ఆగి ఆగి నడిచింది. దొడ్డికి బట్టల్లోనే పోతాడు. గోడకు తల కొట్టుకుంటాడు. రోడ్డు తెలియదు, నీళ్లు తెలియదు, నిప్పు తెలియదు. అమ్మ ఎవరో తెలుసో తెలియదో, అది కూడా చెప్పలేము. ఆ మాట చెప్పేటప్పుడు కమలమ్మ గొంతు మారలేదు. ధాన్యం కొలిచి పోసినట్టు చెప్పింది.

వీడు వింటున్నాడేమో అనిపించింది నాకు. చెవులు బాగున్నాయని డాక్టరమ్మ చెప్పింది కదా. రెండు చేతులతో వాడి చెవులు మూయబోయాను. విదిలించుకుని నా బొటనవేలు కరిచాడు.

"చూడు సార్, అదీ రాయి" అనింది కమలమ్మ.

ఎనభై జూన్‌లో జవాబు వచ్చింది. సారు చదివి, "చోట్లు నిండినాయంట. పేరు జాబితాలో ఎక్కిచ్చినారు. ముప్పై ఒకటో నంబరు. ఖాళీ అయితే పిలుస్తారంట" అన్నాడు. కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. పేరు ఎక్కిందంటే చాలనుకుని నేను స్తుతి చెప్పుకున్నాను కూడా.

ఆ నెలలోనే వాడికి జ్వరం వస్తే నంద్యాలకు తీసుకుపోయాం. కాగితం డాక్టరమ్మకు చూపించాను. ఆమె మొత్తం చదివింది. కింది వరస దగ్గర ఆగి నా వైపు చూసింది.

"పోయిన జూన్‌లో మీ మొదటి ఉత్తరం అందినప్పుడు మూడు చోట్లు ఖాళీగా ఉన్నాయట అవ్వా. పిల్లవాడి స్థితి అప్పుడే తెలిసి ఉంటే తీసుకునేవాళ్లమని రాశారు. అప్పుడు మీరేం రాశారు?"

"మంచి రాపిచ్చినానమ్మా" అన్నాను.

కమలమ్మ వాడికి తడిగుడ్డ వేస్తూ ఉంది, చెయ్యి ఆపలేదు.

తిరుగు బస్సులో ఆళ్లగడ్డ దగ్గరపడేదాకా కమలమ్మ నోరు విప్పలేదు. జ్వరం మూలాన వాడు కూడా అరవలేదు, తల్లి ఒడిలో పడుకున్నాడు.

"తిట్టవే" అన్నాను. "నలుగురిలో తిట్టు. నేను పడతా."

"తిడితే చోటొస్తాదా అత్తా?"

అంతే అనింది. కిటికీ లోంచి ఎండ వాడి మొహం మీద పడుతుంటే కొంగు అడ్డం పెట్టింది.

తర్వాత దేవదానం సారును నిలదీశాను. ఆ వరస ఎందుకు చదవలేదన్నాను. "చదివేకి నోరు రాల్యా లూదియమ్మా" అన్నాడు. నాకేమైనా నోరు వచ్చి ఉండేదా? పోట్లాడలేకపోయాను.

బాలస్వామి ఊరుకోలేదు. హైదరాబాదులో ఇల్లు తీసుకుని ఉంటే పగటిపూట చేర్చుకుంటారేమోనని డాక్టరమ్మ అంటే, పెళ్లాం బిడ్డను తీసుకుని బయలుదేరాడు. అక్కడా రాళ్లు మోసే పనే దొరికింది. ఇల్లు నిలవలేదు. పిల్లవాడి అరుపులకు మొదటి ఇంటివాళ్లు నాలుగో రోజు, రెండో ఇంటివాళ్లు మర్నాడే ఖాళీ చేయించారు. నిలవ నీడ లేక, బడిలో చేరకుండానే తిరిగొచ్చేశారు. బడి గేటు దాకా మాత్రం ఒకసారి పోయారట. లోపల ఒక పిల్లవాడు ప్లేటు కడుక్కుంటూ ఉండగా చూశానని కమలమ్మ చెప్పింది. "మనోడి మాదిరే ఉండాడత్తా. చేతులు అట్లే ఆడిస్తాడు. ప్లేటు మాత్రం కడుగుతాడు." మాటల మధ్యలో రెండు మూడుసార్లు ఆ ప్లేటు సంగతే చెప్పింది.

ఆ తర్వాత ప్రతి మూడు నెలలకూ ఒక కార్డు రాయించేవాళ్లం, నంబరు ఎంతకు వచ్చిందని. ముప్పై ఒకటి ఇరవై ఆరయింది. ఇరవై ఆరు ఇరవై రెండయింది. అక్కడ చాలాకాలం నిలిచిపోయింది. నేను ఆదివారం ప్రార్థనలో ఆ నంబరు చెప్పుకునేదాన్ని. తరువాత ఒకసారి నాకే సిగ్గేసింది. బడిలో చోటు ఖాళీ కాకుండా నంబరు తగ్గాలంటే ముందున్న పిల్లల్లో ఎవరో ఒకరికి వయసు దాటిపోవాలి, లేదంటే ఇంకేదైనా కావాలి. అలాంటి ప్రార్థన ఏం ప్రార్థన? అయినా మానలేదు.

ఎనభై రెండు వానాకాలంలో పద్దెనిమిదో నంబరు దగ్గర కార్డు వచ్చింది. బాలుడికి పదేళ్లు నిండినందున పేరు తొలగించాము. ఈసారి సారు అన్ని వరసలూ చదివాడు. ఉన్నదే రెండు వరసలు.

ఇప్పుడు చెప్పబోయేది ఎనభై నాలుగు, పత్తి తీసే రోజుల సంగతి. సుందరానికి పన్నెండు దాటింది. నాకంటే జానెడు పొడుగు. కమలమ్మ చేనికి పోయింది, బాలస్వామి ఆళ్లగడ్డలో ఉన్నాడు. పన్నెండు గంటల ఎండలో వాడు తలుపు తీసుకుని బయటికి నడిచాడు. పరుగు కూడా కాదు, మామూలు నడకే. అయినా నాకు అందలేదు. కట్టె పట్టుకుని వెనకాల పోయాను. తారు రోడ్డెక్కి నడిమధ్యలో నడుస్తున్నాడు. సుందరా, నాయనా, సామీ, ఎన్ని పేర్లున్నాయో అన్నీ పిలిచాను.

వెనక నుంచి నంద్యాల పోయే బస్సు వచ్చింది. హారను కొట్టేసరికి వాడు చెవులు మూసుకుని రోడ్డు మీదే కూలబడ్డాడు. బస్సు వాడికి నాలుగు బారల దూరంలో ఆగింది. కండక్టరు దూకాడు.

"ఏమవ్వా, పిల్లోణ్ని రోడ్డు మీద ఇడిసిపెట్టినావ్? చెవుడా?"

నా నోట్లోంచి మాటలు వాటంతటవే వచ్చాయి. "చెవుడు గాదు నాయనా. పిలిస్తే పలకడు. మాట రాదు. పట్టుకుంటే కరుస్తాడు. బట్టల్లోనే చేస్తాడు. రోడ్డు తెలీదు, బస్సు తెలీదు. పన్నెండేండ్లు. నాకు చేతగాలేదప్పా, కొంచెం పక్కకు లాగి పుణ్యం కట్టుకో."

ఇద్దరు దిగి కండక్టరుతో కలిసి వాణ్ని ఎత్తి తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టారు. వాడు కండక్టరు భుజం కరిచాడు. ఆయన ఒక బూతుమాట అని, మళ్లీ నా నెరిసిన తల చూసి ఊరుకున్నాడు. బస్సులో నుంచి ఒకామె తల బయటపెట్టింది. చదువుకున్న మనిషిలా ఉంది.

"ఇలాంటి పిల్లలకు బళ్లుంటాయి కదమ్మా, పేరు ఎక్కించకపోయారా?"

"ఎక్కిచ్చినాము తల్లీ" అన్నాను.

"టైమైపోతాంది అవ్వా" అని కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలింది. ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది, దుమ్ములో వినపడలేదు.

వాడి పక్కన కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుందామనుకున్నాను. వాడు చెవుల మీద నుంచి చేతులు తీసి, లేచి, మళ్లీ రోడ్డెక్కాడు. బస్సు పోయిన దిక్కుకే. కట్టె ఊతం చేసుకుని నేనూ లేచాను. కమలమ్మ చేని నుంచి రావడానికి ఇంకా నాలుగు గంటలు ఉంది. పిలుస్తూ వెనకాల నడిచాను.